మన ఊరి జబ్బులు, మన పిల్లల ఎమ్మెస్సీ



1947 అనగానే మనకు గుర్తొచ్చేది స్వాతంత్ర్యం. వైద్య విద్యార్థుల పుస్తకాల్లో ఆ సంవత్సరం పక్కన మన జిల్లా పేరు కూడా ఉంటుంది. రాతిపొడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బును సిలికోసిస్ అంటారు. మన దేశంలో ఆ జబ్బు మొదట నమోదైంది 1947లో, కోలారు బంగారు గనుల్లో. కమ్యూనిటీ మెడిసిన్ చదివే పిల్లలు దేశమంతటా ఈ ముక్కను పరీక్ష కోసం బట్టీ పడతారు. ఆ గనుల పక్కన మారికుప్పంలోనో ఆండర్సన్‌పేటలోనో పెరిగిన పిల్లలకు ఆ బట్టీ అక్కర్లేదు. తాత దగ్గు వాళ్ళకు ఇంకా చెవుల్లోనే ఉంటుంది.

ఈరోజు నేను మాట్లాడబోయేది మెడికల్ కాలేజీల్లో ఉండే ఎమ్మెస్సీ చదువుల గురించి. గనుల జబ్బుతో ఎందుకు మొదలుపెట్టానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ప్రతి ఏటా నీట్ ఫలితాలు వచ్చాక మన ఇళ్ళలో జరిగేది మీకు తెలియనిది కాదు. 2024లో దేశం మొత్తం మీద 23 లక్షల మందికి పైగా ఆ పరీక్ష రాశారు. ఎంబీబీఎస్ సీట్లు లక్షా పది వేల పైచిలుకు. అంటే ఇరవై మందిలో ఒక్కరికి దక్కుతుంది, మిగిలినవాళ్ళు ఇంటికి వస్తారు. వాళ్ళలో చాలామంది బీఎస్సీలో చేరతారు. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, జువాలజీ, కెమిస్ట్రీ. మూడేళ్ళు గడిచాక అమ్మో నాన్నో మా దగ్గరకొచ్చి, "మేడం, బిడ్డ డిగ్రీ ముగించింది. డాక్టర్ సీటు రాలేదే అనే బాధ ఇంకా పోలేదు. ఇంక ఏం చదివించేది?" అని అడుగుతారు. ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది, భయం ఉంది, అప్పు లెక్క కూడా ఉంది. అందుకే దానికి జవాబు తొందరగా చెప్పకూడదు.

మెడికల్ కాలేజీ అంటే డాక్టర్లు తయారయ్యే చోటు అనే మన లెక్క. ఆ కాలేజీలో మొదటి రెండేళ్ళూ పాఠాలు చెప్పే విభాగాలు చూడండి. శరీర నిర్మాణం చెప్పే అనాటమీ, అవయవాలు పనిచేసే తీరు చెప్పే ఫిజియాలజీ, రక్తంలో కణాల్లో జరిగే రసాయన చర్యలు చెప్పే బయోకెమిస్ట్రీ, సూక్ష్మజీవులను పట్టుకునే మైక్రోబయాలజీ, మందుల సంగతి చూసే ఫార్మకాలజీ. ఈ విభాగాల్లో ఎంబీబీఎస్ లేనివాళ్ళు కూడా పీజీ చేయవచ్చు. దాన్నే మెడికల్ ఎమ్మెస్సీ అంటారు. మామూలు యూనివర్సిటీ ఎమ్మెస్సీ రెండేళ్ళయితే ఇది ఎక్కువ చోట్ల మూడేళ్ళు. మొదటి సంవత్సరం దాదాపు ఎంబీబీఎస్ పిల్లల చదువే. శవాన్ని కోసి నరాలు, రక్తనాళాలు చూస్తారు, కప్ప గుండెకు బదులు ఇప్పుడు కంప్యూటర్ తెర మీద గుండె లయ చూస్తారు. తర్వాతి రెండేళ్ళు తాము ఎంచుకున్న విభాగంలో పని, ఒక పరిశోధన వ్యాసం. ఇవి కాక హ్యూమన్ జెనెటిక్స్, క్లినికల్ ఎంబ్రియాలజీ, బయోస్టాటిస్టిక్స్, పబ్లిక్ హెల్త్ లాంటి చదువులు వేరే ఉన్నాయి.

మన జిల్లాలో ఇలాంటి చదువుకు చిరునామా కోలారు పక్కన తమకలో ఉన్న శ్రీ దేవరాజ అరసు మెడికల్ కాలేజీ. వెనుకబడిన వర్గాల పిల్లల చదువు కోసం ఆర్.ఎల్.జాలప్ప పూనుకుని పెట్టిన ట్రస్టు, 1986లో ఈ కాలేజీ తెరిచింది. 2007లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. కాలేజీకి ఆనుకుని జాలప్ప ఆసుపత్రి. అక్కడ సెల్ బయాలజీ, మాలిక్యులర్ జెనెటిక్స్ అని ఒక విభాగమే ఉంది. పాత మద్రాసు రోడ్డు మీద బస్సులో పోతూ ఆ భవనాన్ని చూడనివాళ్ళు మన జిల్లాలో తక్కువ. లోపల డీఎన్ఏ పరీక్షలు జరుగుతాయని తెలిసినవాళ్ళు అంతకన్నా తక్కువ. సరిహద్దు దాటితే కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల, ఇంకాస్త దూరం పోతే తిరుపతిలో స్విమ్స్. ఇటు బెంగళూరు సరేసరి.

ఇప్పుడు గనుల దగ్గరకు వద్దాం.

రాతిని తొలిచేటప్పుడు లేచే దుమ్ములో మన కంటికి కనపడేది ప్రమాదం కాదు. అది ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. మిల్లీమీటరులో ఐదువందలో వంతు కన్నా చిన్నదైన సిలికా రేణువు ఊపిరితిత్తి చివరి గాలిగది దాకా పోతుంది. అక్కడ కాపలా ఉండే కణాన్ని మాక్రోఫేజ్ అంటారు. ఏ పరాయి వస్తువు వచ్చినా మింగి అరిగించుకోవడం దాని పని. క్షయ క్రిమిని మింగుతుంది. సిలికాను కూడా మింగుతుంది. కాని రాయి అరగదు. రేణువు ఆ కణం లోపలి సంచిని చీలుస్తుంది, కణం చస్తుంది, రేణువు బయటపడుతుంది, ఇంకో కణం వచ్చి మింగుతుంది. ఇలా ఏళ్ళ తరబడి. చచ్చిన ప్రతి కణమూ వాపు పుట్టించే సంకేతాలు వదిలిపోతుంది. వాటిని అందుకుని పక్కనున్న కణాలు కొల్లాజెన్ అనే నారను అల్లుకుంటూ పోతాయి. మెత్తగా ఉండాల్సిన ఊపిరితిత్తి ముడులు ముడులుగా బిగుసుకుపోతుంది. మనిషి గని పని మానేసి ఇంట్లో కూర్చున్నా లోపల ఈ పని ఆగదు. చచ్చిపోయిన కాపలా కణాల చోట క్షయ క్రిమి సులువుగా పాగా వేస్తుంది. అందుకే గని కార్మికుల ఇళ్ళలో ఈ రెండు జబ్బులూ జంటగా కనిపించేవి.

గని డాక్టర్లు ఎక్స్‌రేలు తీసి, మనుషులను పరీక్షించి, జబ్బు ఉందని 1947లో తేల్చారు. ఆ పని చాలా గొప్పది. అయితే సిలికా రేణువు కణం లోపల ఏ మీట నొక్కితే వాపు మొదలవుతుందో 2008లో గాని స్పష్టంగా తెలియలేదు. ఎన్ఎల్ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమజోమ్ అని ఒక ప్రోటీన్ల గుంపు ఉంది. సిలికా దాన్ని మేల్కొలుపుతుందని ఆ ఏడాది మూడు పరిశోధక బృందాలు చూపించాయి. మధ్యలో 61 ఏళ్ళు. ఆ లోపే, 2001 ఫిబ్రవరి 28న, మన గనులు మూతపడ్డాయి. 3 కిలోమీటర్ల పైచిలుకు లోతు దాకా దిగి పనిచేసిన మనుషులు తమ ఛాతీలో జరిగేది ఏమిటో తెలియకుండానే వెళ్ళిపోయారు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది. ఈ జబ్బును నయం చేసే మందు ఇవాళ్టికీ లేదు. ఆ మందు ఎప్పుడైనా దొరికితే అది కణంలోని ఆ మీట తెలిసినవాళ్ళ చేతుల మీదుగానే దొరుకుతుంది. అలాంటివాళ్ళు తయారయ్యేది బయోకెమిస్ట్రీ, ఇమ్యునాలజీ, ఫార్మకాలజీ ల్యాబుల్లో. వాళ్ళలో చాలామంది రోగిని ముట్టి చూసే డాక్టర్లు కారు.

"గనులు మూసేశారు కదా, ఇంకా ఆ గొడవెందుకు" అనుకునేవాళ్ళు ఒక్కసారి గాలికాలంలో మన గనుల ఊరు కేజీఎఫ్‌కు రండి. రాయి పిండి చేసి, సైనైడ్‌తో బంగారం తీసేశాక మిగిలిన పొడి మూడు కోట్ల టన్నులకు పైగా అక్కడ గుట్టలుగా పడి ఉంది. ఊళ్ళో అందరూ సైనైడ్ దిబ్బలనే అంటారు. గాలి లేస్తే ఆ పొడి ఇళ్ళ మీదికి వస్తుంది. ఆ దిబ్బల చుట్టుపక్కల పెరుగుతున్న పిల్లలు ఎంత బలంగా ఊపిరి వదలగలరు? దిబ్బలకు దూరంగా బేతమంగలలో పెరిగే పిల్లలతో పోలిస్తే తేడా ఉందా? దీన్ని కొలవడానికి కావలసింది స్పైరోమీటర్ అనే చిన్న యంత్రం, ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి, ఓపిక. ఫిజియాలజీలో ఎమ్మెస్సీ చేసే అమ్మాయి ఒకతె తన పరిశోధన వ్యాసానికి ఈ ఒక్క ప్రశ్న తీసుకుంటే చాలు. ఆ పని ఢిల్లీ నుంచి ఎవరో వచ్చి చేయాల్సిన అవసరం లేదు.

కేజీఎఫ్ వాళ్ళకు విజ్ఞానం కొత్తదా? 1965లో, ఛాంపియన్ రీఫ్ గనిలో 2 కిలోమీటర్లకు పైగా లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు జపాన్, ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళతో కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను పట్టుకున్నారు. ప్రపంచంలో ఆ కణాలను మొదట చూసిన రెండు చోట్లలో మన గని ఒకటి. ఆకాశం నుంచి వచ్చే కణాన్ని కొలవడానికి మన లోతు పనికొచ్చింది. ఆ లోతులో పనిచేసిన మనిషి ఊపిరిని కొలిచే పని ఇంకా మిగిలే ఉంది.

బంగారుపేట, మాలూరు, శ్రీనివాసపురం, ముళబాగిలు వైపు వస్తే ప్రశ్న మారుతుంది. అక్కడ గాలి సంగతి కాదు, నీళ్ళ సంగతి. చెరువులు ఎండాయి, బోర్లు వెయ్యి అడుగులు దాటాయి, లోతుకు పోయేకొద్దీ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైన ఊళ్ళు ఎన్నో. తాగేనీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే గతి లేకపోతే ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చు అని మన దేశపు ప్రమాణం. అంతకు మించి ఏళ్ళ తరబడి తాగితే ఫ్లోరైడ్ వెళ్ళి ఎముకలోని ఖనిజంలో హైడ్రాక్సిల్ కూర్చునే చోట తాను కూర్చుంటుంది. పళ్ళ మీద గోధుమరంగు చారలు పడతాయి. ఇంకా ఎక్కువైతే వెన్ను వంగక, మెడ తిరగక మనిషి కొయ్యబారిపోతాడు.

ఈ జబ్బును మన దేశంలో మొదట వర్ణించింది తెలుగు నేల మీదే. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతంలో జనం ఎందుకు ఇలా బిగుసుకుపోతున్నారో చూసి, షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ 1937లో రాశారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఇంకో సంగతి లోకానికి చెప్పారు. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగిపోతున్నాయని, అందులో ఆహారానికీ పాత్ర ఉందని. ఒకే నీళ్ళు తాగినా జొన్న తినే పేదింటి పిల్లాడికీ, పాలు పెరుగు అందే పిల్లాడికీ జబ్బు ఒకేలా రాదు. మనది పాడి జిల్లా. రాగి సంకటి జిల్లా. రాగిలో కాల్షియం దండిగా ఉంటుంది. అది మన పిల్లలను కొంతైనా కాపాడుతోందా? మంచి ప్రశ్న కదా! దీనికి జవాబు వెతకాలంటే మూత్రంలో ఫ్లోరైడ్ కొలవాలి, రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేస్ కొలవాలి. ఇవన్నీ బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ మొదటి రెండేళ్ళలోనే చేతికొచ్చే పరీక్షలు.

ఫాస్ఫరస్ అన్నాను కాబట్టి ఒక తెలుగువాడి పేరు చెప్పకుండా ముందుకు పోలేను. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ఫిస్కే–సుబ్బారో పద్ధతి అంటారు. 1925లో వచ్చిన ఆ పద్ధతిని పిల్లలు ఇప్పటికీ ప్రాక్టికల్స్‌లో నేర్చుకుంటారు. ఆ సుబ్బారో మన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ దక్కక, దానికన్నా కింది మెట్టుగా చూసే ఎల్ఎంఎస్‌తో బయటపడ్డారు. తర్వాత బోస్టన్ వెళ్ళారు. అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట చిల్లర పనులు చేస్తూ పగలు హార్వర్డ్ బయోకెమిస్ట్రీ ల్యాబులో పనిచేసి, కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను ఫిస్కేతో కలిసి కనిపెట్టారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన పరిశోధనల నుంచి ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకు హెట్రజాన్, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్ కుటుంబపు మందులు వచ్చాయి. 1948లో పోయారు. ఇవాళ గర్భిణికి ఏఎన్ఎం ఇచ్చే ఎర్రమాత్రలో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. స్టెతస్కోపు పట్టి ప్రాక్టీసు చేయని మనిషి ఇంతమంది ఒంట్లోకి మందై వెళ్ళాడు. నీట్‌లో సీటు రాలేదని తిండి మానేసిన పిల్లలున్న ఇళ్ళలో ఈయన కథ ఒకసారి చెప్పండి.

ఇక మూడో ప్రశ్న మన ఇళ్ళ లోపలిది. మేనరికం. మేనమామను చేసుకోవడం, మేనత్త కొడుకును చేసుకోవడం మన కోలారు తెలుగు ఇళ్ళలో కొత్త కాదు. ఆస్తి నిలుస్తుంది, పిల్ల కళ్ళెదుట ఉంటుంది అనే ఆలోచన దాని వెనుక ఉంది. దాన్ని తప్పుపట్టి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. జెనెటిక్స్ చెప్పేది లెక్క. బావామరదళ్ళ బిడ్డకు ఒకే పూర్వీకుడి నుంచి రెండు వైపులా ఒకే జన్యువు వచ్చే అవకాశం 16లో ఒకటి. మేనమామ–మేనకోడలి బిడ్డకు 8లో ఒకటి. ఆ జన్యువు మంచిదైతే బాధ లేదు. లోపమున్నదైతే జబ్బు. కర్ణాటకలో పుట్టిన పిల్లల మీద ఈ విషయాన్ని పరిశీలించి రాధారమాదేవి, అప్పాజీరావు, బిటిల్స్ 1987లో పత్రం రాశారు. ఆ కాలంలోనే బెంగళూరు కేంద్రంగా పసిబిడ్డల మడమ నుంచి రక్తపు చుక్క తీసి లక్షమందికి పైగా పిల్లలకు అమైనో ఆమ్లాల జబ్బుల పరీక్షలు చేశారు. ఇలాంటి కొన్ని జబ్బులను పుట్టిన కొద్ది వారాల్లో పట్టుకుంటే తిండి మార్చి, మందిచ్చి బిడ్డ బుద్ధిమాంద్యం పాలుకాకుండా కాపాడవచ్చు.

హ్యూమన్ జెనెటిక్స్ ఎమ్మెస్సీలో పిల్లలు నేర్చుకునే మొదటి పని వంశవృక్షం గీయడం. ఎవరు ఎవరిని చేసుకున్నారు, ఎవరి బిడ్డ పోయింది, ఎందుకు పోయింది అని అడిగి రాసుకోవాలి. ఇక్కడే మన పిల్లలకు ఒక గొప్ప వసతి ఉంది. మన కోలారు పిల్ల ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ మాట్లాడుతుంది. కేజీఎఫ్ పిల్లయితే తమిళం కూడా వచ్చేస్తుంది. పోయిన బిడ్డ గురించి ఒక తల్లి తన భాషలో చెప్పినంత వివరంగా ఇంకో భాషలో చెప్పదు. "అక్కా, పెద్దోడికి ఎన్నో నెలలో మెడ నిలబడింది?" అని కూర్చుని అడిగే పిల్లకు దొరికే సమాచారం, ఇంగ్లీషు ప్రశ్నాపత్రం పట్టుకుని వచ్చినవాళ్ళకు దొరకదు.

మైక్రోబయాలజీ గురించి కూడా ఒక మాట. 2018 నుంచి కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి మన చెరువులకు పంపుతున్నారు. బోర్లలో నీళ్ళు పైకొచ్చాయని రైతులు సంతోషిస్తున్నారు, ఆ సంతోషం న్యాయమైనదే. ఆ నీళ్ళలో మందులకు లొంగని బ్యాక్టీరియా ఉందా లేదా అని క్రమం తప్పకుండా చూసే మనిషి కూడా జిల్లాకు కావాలి. క్షయ సంగతి సరేసరి. కళ్ళెలో క్రిమిని జన్యుపరీక్షతో రెండు గంటల్లో పట్టే యంత్రాలు వచ్చాయి. బెంగళూరులో 1959 నుంచి జాతీయ క్షయ సంస్థ ఉంది. ఫార్మకాలజీ చదివినవాళ్ళకు మందుల దుష్ఫలితాలు నమోదుచేసే ఫార్మకోవిజిలెన్స్ పనులు ఆసుపత్రుల్లో, కంపెనీల్లో దొరుకుతున్నాయి.

ఇంతవరకు ఆశ పుట్టించే మాటలు చెప్పాను. ఇప్పుడు ఫీజు కట్టే ముందు తెలుసుకోవలసిన మాటలు చెప్పకపోతే నేను మీకు అన్యాయం చేసినదాన్ని అవుతాను.

మెడికల్ ఎమ్మెస్సీ చేసినవాళ్ళు డాక్టర్లు కారు. రోగికి మందు రాయకూడదు. ల్యాబు నడపవచ్చు, పరీక్ష చేయవచ్చు, కాని ఇది ఫలానా జబ్బు అని వైద్య అభిప్రాయం రాసి సంతకం పెట్టే అధికారం రిజిస్టరైన డాక్టరుదే. "చివర్లో డాక్టరుతో సమానమే" అని ఏ ఏజెంటైనా చెబితే ఆ మనిషిని నమ్మకండి.

మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం కోసం ఈ చదువు చదివేవాళ్ళు ఎక్కువ. ఆ తలుపు కొన్నాళ్ళు మూసుకుంటూ, కొన్నాళ్ళు తెరుచుకుంటూ వస్తోంది. ఒకప్పుడు అనాటమీ, ఫిజియాలజీల్లో అధ్యాపకుల పోస్టుల్లో 30 శాతం వరకు, బయోకెమిస్ట్రీలో 50 శాతం వరకు డాక్టర్లు కానివాళ్ళకు ఇవ్వవచ్చని నిబంధన ఉండేది. 2020లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని మూడింటిలోనూ 15 శాతానికి తగ్గించింది. మైక్రోబయాలజీ, ఫార్మకాలజీల్లో పూర్తిగా తీసేసింది. ఆ ఏడాది ఎమ్మెస్సీ చదువుతున్న పిల్లల పరిస్థితి ఏమిటో ఊహించండి. వేసిన అడుగు కింద నేల తీసేసినట్టయింది. ఐదేళ్ళ తర్వాత, 2025లో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆ రెండు విభాగాలనూ ఎమ్మెస్సీతో పాటు పీహెచ్‌డీ ఉన్నవాళ్ళకు మళ్ళీ తెరిచారు. నేను గట్టిగా నమ్మేది ఇది: ఒక్క అధ్యాపక ఉద్యోగాన్నే చూసుకుని ఈ చదువులో చేరకూడదు. చేరితే పీహెచ్‌డీ దాకా పోయే మనసుతో చేరాలి. దూరవిద్య డిగ్రీతో పని జరగదు.

పీహెచ్‌డీ అనగానే "ఇంకా ఎన్నేళ్ళు కూర్చోబెట్టి తిండి పెట్టాలి" అని ఇంట్లో దిగులు పడతారు. సీఎస్ఐఆర్–యూజీసీ నెట్‌లోనో, ఐసీఎంఆర్ పరీక్షలోనో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఉపకారవేతనం వస్తే నెలకు 37,000 రూపాయలు వస్తాయి. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న మొత్తం అది. రెండేళ్ళ తర్వాత సీనియర్ ఫెలోకు 42,000. ఊళ్ళో చాలా ప్రైవేటు ఉద్యోగాలు అంత ఇవ్వవు. ఆడపిల్లలున్న తండ్రులు ఈ అంకెను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. పెళ్ళి తొందరలో మంచి మార్కులున్న ఎందరో అమ్మాయిలు ఎమ్మెస్సీతోనే ఆగిపోతున్నారు. నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది అదే.

ఫీజు విషయానికొస్తే, ఢిల్లీ ఎయిమ్స్‌లో, పుదుచ్చేరి జిప్మర్‌లో ఈ ఎమ్మెస్సీలు ఉన్నాయి, ప్రవేశపరీక్ష రాయాలి, ఫీజు చాలా తక్కువ. ప్రైవేటు, డీమ్డ్ కాలేజీల్లో ఫీజు ఎక్కువ, సీటు దొరకడం సులువు. ముందు ప్రభుత్వ సంస్థల పరీక్షలు రాసి, తర్వాత ఇంటికి దగ్గరి కాలేజీ చూడడం మేలు. క్లినికల్ ఎంబ్రియాలజీ మోజు ఇప్పుడు ఎక్కువగా ఉంది. ఐవీఎఫ్ కేంద్రాలు పెరిగాయి, వాటిని నియంత్రించే 2021 చట్టం వచ్చాక ఎంబ్రియాలజిస్టుకు ఏ చదువు ఉండాలో రాతపూర్వకం అయింది. చేరబోయే కోర్సు ఆ చట్టం అడిగే అర్హతకు సరిపోతుందా అని కాగితం చూసి మరీ అడగండి.

కాలేజీకి వెళ్ళినప్పుడు భవనం చూసి మురిసిపోకండి. విభాగాధిపతిని కలిసి అడగండి. నా గైడు ఎవరు, ఆయన దగ్గర ఇప్పుడు ఏ పరిశోధన నడుస్తోంది? ఎమ్మెస్సీ పిల్లలు యంత్రాల మీద స్వయంగా పనిచేస్తారా, లేక టెక్నీషియన్ చేస్తుంటే చూస్తారా? గత రెండు బ్యాచ్‌ల పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు? వాళ్ళలో ఒకరితో ఫోన్లో మాట్లాడించగలరా? మంచి విభాగమైతే ఈ ప్రశ్నలకు సంతోషిస్తుంది. విసుక్కుంటే అదే మీకు జవాబు.

గనులు మూతపడ్డాక కేజీఎఫ్ మనుషులు తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పనులకు పోయి రాత్రికి తిరిగొస్తూ బతికారు, ఇప్పటికీ బతుకుతున్నారు. ఆ రైల్లో సెక్యూరిటీ గార్డులు ఉన్నారు, గార్మెంట్ ఫ్యాక్టరీ అమ్మాయిలు ఉన్నారు, కాల్ సెంటర్ పిల్లలు ఉన్నారు. నిమ్హాన్స్‌కో, సెయింట్ జాన్స్‌కో, జాతీయ క్షయ సంస్థకో పరిశోధన చేయడానికి పోయే పిల్లలు కూడా అందులో ఎక్కాలి. వాళ్ళు రాసే ప్రాజెక్టుల్లో ఛాంపియన్ రీఫ్ పేరు, ముళబాగిలు బోర్ల పేరు ఉండాలి.

డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న పిల్లలు ఫలితాల దాకా ఆగనక్కర్లేదు. ఈ వారంలోనే ఒక పూట చూసుకుని, మీ లెక్చరరుతో ఒక ఉత్తరం రాయించుకుని, దగ్గరి మెడికల్ కాలేజీకి వెళ్ళండి. బయోకెమిస్ట్రీ ల్యాబు, అనాటమీ మ్యూజియం చూపించమని అడగండి. చూపిస్తారు. చూసి వచ్చాక మీ ఊళ్ళో ఎవరికి ఏ జబ్బు ఎక్కువో, అది ఎందుకు వస్తోందని పెద్దవాళ్ళు అనుకుంటున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఏం పరిశోధన చేస్తావని అడిగినప్పుడు ఆ కాగితంలోదే చెప్పండి.